ఒక చిన్న కంప్యూటర్, పలు టీవీలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వీడియో పంపిణీ

ఒకచోట ఆడుతున్న వీడియో ఒకటికి మించిన టీవీల్లో కనిపించేలా చేసే ఏర్పాటు ఈ వ్యాస విషయం. ఆ ఒకచోట ఉండే యంత్రం ఇవాళ అరచేతిలో ఇమిడే కంప్యూటర్. నలభై ఏళ్ల కిందట అది వీసీఆర్. ముప్పై ఏళ్ల కిందట మిద్దె మీది డిష్ గొడుగులు, వాటి కింద కేబుల్ వాళ్ల కంట్రోల్ రూమ్. యంత్రాలు మారినా ముందుగా తేల్చుకోవాల్సినవి రెండే: టీవీలన్నింట్లో ఒకే బొమ్మ రావాలా, వేర్వేరువి రావాలా? చివరి టీవీ ఎంత దూరంలో ఉంది? ఇవి తేల్చుకోకుండా కంప్యూటర్ కొన్నవాళ్లు చాలామంది రెండోసారి డబ్బు పెడతారు.

ప్రాంతం

ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా పడమటి భాగంలోని పెద్ద పట్టణాలు. రెండింటి మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయాక మిగిలిన కర్నూలు జిల్లాలో ఈ పడమటి వైపు ప్రాధాన్యం మరింత పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో ఆదోని మున్సిపాలిటీలో సుమారు 1.66 లక్షల మంది, ఎమ్మిగనూరులో సుమారు 95 వేల మంది ఉన్నారు. ఆదోని గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం మీద ఉంది. పత్తి మార్కెట్‌కు, బట్టల వ్యాపారానికి పేరు. దానికి రెండో ముంబై అన్న పిలుపు కూడా ఉంది. ఎమ్మిగనూరు చేనేత ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఏర్పడ్డ చేనేత సహకార సంఘం ఆ ఊరికి గుర్తింపు తెచ్చింది.

వీడియో పంపిణీతో ఈ వివరాలకు సంబంధం లేకపోలేదు. పట్టణాల బజారు వీధుల్లో అంగళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, కాబట్టి తీగ తక్కువ పడుతుంది. పల్లెలు మాత్రం మెట్ట పొలాల మధ్య దూరదూరంగా ఉంటాయి. అక్కడికి సిగ్నల్ చేర్చడం ఖర్చుతో కూడిన పని. కన్నడ సరిహద్దు దగ్గర కాబట్టి ఒకే వీధిలో ఒకరికి తెలుగు, ఇంకొకరికి కన్నడం, మరొకరికి ఉర్దూ లేదా హిందీ ఛానళ్లు కావాలి. అందరికీ ఒకే బొమ్మ చూపించి సరిపెట్టే ఏర్పాటు ఇక్కడ ఇళ్లల్లో ఎక్కువ కాలం నిలవలేదు.

వీసీఆర్ నుంచి కంట్రోల్ రూమ్ దాకా

ఒకే మూలం నుంచి వేల టీవీలకు బొమ్మ పంపవచ్చని ఈ దేశానికి చూపించింది సైట్ అనే ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తుంగభద్ర అవతలి రాయచూరు జిల్లా కూడా ఆ పథకంలో ఉంది. పల్లెలో ఒక టీవీ, దాని చుట్టూ ఊరు ఊరంతా. అప్పటి లెక్కలో టీవీకి ఒక ఊరు. ఇప్పుడు మనం మాట్లాడుతున్నది ఇంటికి మూడు టీవీల సంగతి.

1982 ఆసియా క్రీడల సమయంలో దేశంలో రంగుల ప్రసారాలు మొదలై, ఆ వెనకే వీసీఆర్‌లు వచ్చాయి. తెలుగు ఊళ్లన్నింట్లోలాగే ఇక్కడా పండగకో పెళ్లికో వీసీఆర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చి, వీధిలో పెట్టి తెల్లవార్లూ సినిమాలు వేసేవాళ్లు. జనం ఎక్కువైతే రెండో టీవీ తెచ్చి, మొదటిదానికి జతగా తీగ లాగేవాళ్లు. ఒక మూలం, రెండు తెరలు: ఈ వ్యాసంలో చెప్పేదంతా మొదలైంది అక్కడే. తర్వాతి మెట్టు ఇంకా చురుకైనది. ఒకరి ఇంట్లో వీసీఆర్ పెట్టి, దాని నుంచి చుట్టుపక్కల ఇళ్లకు డిష్ వైరు లాగి, నెలకింత అని వసూలు చేయడం. దేశంలో కేబుల్ టీవీ ఇలాగే పుట్టింది. 1991 గల్ఫ్ యుద్ధం, ఆ ఏడే వచ్చిన స్టార్ టీవీ, 1995లో వచ్చిన జెమిని, ఈటీవీ ఆ తీగలకు నికరమైన సరుకునిచ్చాయి. 1995లోనే కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఆ వ్యాపారానికి చట్టం అంటూ లేదు.

కంట్రోల్ రూమ్‌లో జరిగే పని తెలిస్తే నేటి కంప్యూటర్ ఏర్పాటు సగం అర్థమైనట్టే. ఉపగ్రహం నుంచి వచ్చిన ఒక్కో ఛానల్‌ను ఒక్కో రిసీవర్ విప్పుతుంది, ఒక్కో మాడ్యులేటర్ దాన్ని వేరే పౌనఃపున్యం మీదికి ఎక్కిస్తుంది, అన్నీ కలిపి ఒకే తీగలోకి పంపుతారు. అనలాగ్ కాలంలో ఛానల్‌కు 7 లేదా 8 మెగాహెర్ట్జ్ చోటు పట్టేది. ఇంట్లో టీవీ ట్యూనర్ తనకు కావాల్సినదాన్ని ఏరుకునేది. అంటే తీగలో అన్ని బొమ్మలూ ఒకేసారి పారుతూ ఉంటాయి. ఎంపిక చూసేవాడి చేతిలో. ఈ పద్ధతికి ఉన్న గొప్ప బలం ఒకటి: పది టీవీలున్నా వెయ్యి టీవీలున్నా కంట్రోల్ రూమ్ మీద పడే భారం మారదు.

బలహీనత తీగలో ఉంది. ఇళ్లకు వాడే ఆర్‌జీ-6 తీగలో వంద మీటర్లకు, తక్కువ పౌనఃపున్యాల దగ్గర 5 డెసిబెల్స్ చుట్టూ, 860 మెగాహెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ దాకా సిగ్నల్ తగ్గిపోతుంది. ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కో వైపు 3.5 డెసిబెల్స్ దాకా తింటుంది. నాలుగుగా చీలిస్తే 7. వీధి చివరి ఇంట్లో పైఛానళ్లలోనే ముందుగా చుక్కలు కనిపించేది ఇందుకే. మధ్యలో స్తంభానికి కట్టిన ఆంప్లిఫైయర్ బలం పెంచుతుంది, దాంతో పాటు రొదనూ పెంచుతుంది. కేబుల్ కుర్రాడు నిచ్చెన వేసుకుని ఎక్కి చేసే పని సగం ఈ లెక్కే, కాగితం మీద రాయడు గానీ.

2011లో చట్టాన్ని సవరించి కేబుల్‌ను దశలవారీగా డిజిటల్ చేయమన్నారు. అనలాగ్ ప్రసారాలు ఆపడానికి దేశమంతటా చివరి గడువు 2017 మార్చి 31. డిజిటల్ కేబుల్‌లో అదే 8 మెగాహెర్ట్జ్ చోటులో సెకనుకు సుమారు 38 మెగాబిట్ల సమాచారం పడుతుంది. ఒక అనలాగ్ ఛానల్ ఉన్న చోట పదికి పైగా మామూలు ఛానళ్లు ఇముడుతాయి. అయితే ప్రతి టీవీకీ బాక్సు కావాల్సి వచ్చింది. అంతకుముందు ఒక కనెక్షన్ తీసుకుని, స్ప్లిటర్ పెట్టి రెండు గదుల్లో చూసిన ఇళ్లకు ఇది నచ్చలేదు. రెండో టీవీకి రెండో బాక్సు, దానికి మళ్లీ నెలసరి బిల్లు. ఇంట్లో ఒకే పెట్టె నుంచి పలు టీవీలకు బొమ్మ పంపే ఉపాయాల మీద మామూలు జనానికి ఆసక్తి పెరగడానికి ఈ బిల్లే పెద్ద కారణమని నా అంచనా.

ఈ మధ్యలో కంట్రోల్ రూమ్‌లోకి కంప్యూటర్ నిశ్శబ్దంగా వచ్చి చేరింది. లోకల్ ఛానల్‌కు మొదట వీసీఆర్, తర్వాత సీడీ ప్లేయర్, ఆ తర్వాత హార్డ్ డిస్క్ నిండా పాటలూ ప్రకటనలూ పెట్టుకున్న ఒక సీపీయూ. పాట కింద ఎర్ర పట్టీలో అంగడి పేరు, ఫోన్ నంబరు నడుస్తుంటాయి కదా, అదంతా ఒక్క కంప్యూటర్ పనే. చిన్న కంప్యూటర్ ఒకటి వేల టీవీలకు బొమ్మ పంపడం అన్నది కొత్త ఊహేమీ కాదు. చిన్న పట్టణం రోజూ చూస్తున్నదే.

ఫైబర్

రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ ఈ కథలో పెద్ద మలుపు. సంస్థ 2015లో ఏర్పడింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, ఫోన్ అని తొలి ధర ప్రకటించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం, విద్యుత్ సబ్‌స్టేషన్లను మజిలీలుగా వాడుకోవడం ఆ పథకంలో తెలివైన భాగం. ఇంటి దాకా చివరి తీగ మాత్రం స్థానిక కేబుల్ ఆపరేటరే లాగాలి. అంటే పాత నిచ్చెన, పాత మనిషి, కొత్త తీగ.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒక్క పోర్టు నుంచి దిగువకు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు వస్తాయి. కరెంటు అవసరం లేని గాజు స్ప్లిటర్‌తో దాన్ని 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 20 కిలోమీటర్ల దాకా మధ్యలో ఆంప్లిఫైయర్ అక్కర్లేదు. పల్లెలు దూరదూరంగా ఉన్న ప్రాంతానికి ఈ ఒక్క గుణం చాలు. పిడుగుపాటు కాలంలో రాగి తీగ వెంట వచ్చి బాక్సులను కాల్చే విద్యుత్తు గాజు వెంట రాదు కూడా.

ఇందులో టీవీ వచ్చే తీరు కేబుల్‌కు భిన్నం. ఛానళ్లన్నీ ఇంటి దాకా పారవు. మనం ఏ ఛానల్ నొక్కితే ఆ ప్రవాహంలో మన బాక్సు చేరుతుంది. ఒకే ఛానల్‌ను వందమంది చూస్తున్నా మూలం నుంచి ఒకే ప్రతి బయలుదేరి, దారిలో చీలాల్సిన చోట మాత్రమే చీలుతుంది. దీన్ని మల్టీకాస్ట్ అంటారు. యూట్యూబ్‌లాంటివి అలా కాదు. చూసే ప్రతి టీవీకీ విడిగా ఒక ప్రతి. 4 మెగాబిట్ల వీడియోను ఇరవై టీవీలు విడివిడిగా లాగితే 80 మెగాబిట్లు కావాలి, మల్టీకాస్ట్‌లో నాలుగే చాలు. లాడ్జీల్లో, ఆస్పత్రుల్లో ఏర్పాటు చేసేవాళ్లు ఈ తేడా తెలియక ఇంటర్నెట్ ప్యాకేజీ పెంచుకుంటూ పోతారు.

బొమ్మను పంచడం, ఫైలును పంచడం

ఒక కంప్యూటర్ నుంచి పలు టీవీలకు దారులు ఎన్ని ఉన్నా అవి రెండు జాతులు. మొదటిదాంట్లో కంప్యూటరే వీడియోను విప్పి, తయారైన బొమ్మను టీవీలకు పంపుతుంది. రెండోదాంట్లో కంప్యూటర్ ఫైలును అందిస్తుంది, విప్పుకునే పని ప్రతి టీవీదీ.

మొదటి జాతికి సులువైన సాధనం హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. కంప్యూటర్ నుంచి ఒక తీగ లోపలికి, నాలుగో ఎనిమిదో తీగలు బయటికి, అన్ని టీవీల్లో ఒకే బొమ్మ. బజారులో టీవీల షోరూమ్‌లో గోడ నిండా ఒకే పాట ఆడేది ఇలాంటి పెట్టెతోనే. ఇక్కడ చిక్కు దూరం. విప్పిన 1080పీ బొమ్మ సెకనుకు 4 గిగాబిట్లకు పైగా ఉంటుంది, అందుకే మామూలు హెచ్‌డీఎంఐ తీగ 15 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. 4కే అయితే ఇంకా ముందే. అంతకు మించితే క్యాట్-6 నెట్‌వర్క్ తీగ మీదుగా పంపే ఎక్స్‌టెండర్లు వాడాలి. హెచ్‌డీబేస్‌టీ పద్ధతివి వంద మీటర్ల దాకా మోస్తాయి.

రెండో చిక్కు మరీ చిలిపిది. ప్రతి టీవీ తనకు చేతనైన సైజులను, తనకు తెలిసిన శబ్ద రూపాలను ఆ తీగ మీదే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. నాలుగు టీవీల్లో మూడు 4కే, ఒకటి పాత 720పీ అయితే చాలా స్ప్లిటర్లు అందరికీ కలిసొచ్చే తక్కువ సైజుకు దిగిపోతాయి. కొత్త టీవీ మసకగా కనిపిస్తోందని దాన్ని వెనక్కి పట్టుకెళ్లేముందు పక్క గదిలో పాతదాని తీగ పీకి చూడటం మంచిది.

ఇళ్లలో ముందే గోడల్లో డిష్ వైరు వేసి ఉంటే కేబుల్ వాళ్ల దారే మేలు. హెచ్‌డీఎంఐని డిజిటల్ ఛానల్‌గా మార్చే మాడ్యులేటర్ ఒకటి పెడితే కంప్యూటర్ బొమ్మ మన ఇంటి సొంత ఛానల్ అవుతుంది. టీవీలో దానికి తగ్గ డిజిటల్ ట్యూనర్ ఉందో లేదో ముందు చూసుకోవాలి. ధర ఎక్కువే, కానీ ఇరవై గదుల లాడ్జీకి కొత్త తీగ లాగే కూలీతో పోల్చితే తక్కువ కావచ్చు.

టీవీలన్నింట్లో వేర్వేరు బొమ్మలు కావాలంటే కంప్యూటర్‌కు విడి దారులుండాలి. 2019 జూన్‌లో వచ్చిన రాస్బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్‌కు రెండు చిన్న హెచ్‌డీఎంఐ దారులున్నాయి. ఇంటెల్ మినీ పీసీలు సాధారణంగా మూడు తెరల దాకా నడుపుతాయి. అంతకు మించి పోవడం సాధ్యమే గానీ తెలివైన పని కాదు; ఆ ఖర్చుతో టీవీకొక చిన్న పెట్టె వస్తుంది.

అక్కడికే వస్తుంది రెండో జాతి. జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను చిన్న కంప్యూటర్‌లో పెట్టి, పెళ్లి వీడియోలు, పిల్లల పాఠాలు, సొంతంగా కొన్న సినిమాలు దానికి చూపిస్తే, స్మార్ట్ టీవీలు రౌటర్ ద్వారా వాటిని అడిగి తీసుకుంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు, ఎవరి వేగంలో వాళ్లు. ఫైలు టీవీకి అర్థమయ్యే రూపంలో ఉన్నంతవరకు కంప్యూటర్‌కు పని దాదాపు ఉండదు, డిస్క్ నుంచి తీసి ఇవ్వడమే. రాస్బెర్రీ పై లాంటిది కూడా నాలుగైదు టీవీలను తట్టుకుంటుంది. టీవీకి అర్థం కాని రూపంలో ఉంటే మాత్రం కంప్యూటర్ అప్పటికప్పుడు మార్చి ఇవ్వాలి. అప్పుడు ఒక్క టీవీకే చిన్న కంప్యూటర్ చెమటలు కక్కుతుంది. మార్పిడి కోసం ప్రత్యేక భాగం ఉన్న ఇంటెల్ చిప్‌లు ఈ పనిలో బాగా రాణిస్తాయి. వీడియోలన్నింటినీ ముందే హెచ్.264 రూపంలోకి మార్చిపెట్టుకోవడం అన్నింటికన్నా చవక ఉపాయం. 2003 నాటి ఆ రూపాన్ని అర్థం చేసుకోని స్మార్ట్ టీవీ లేదనే చెప్పాలి.

ఈ పద్ధతిలో టీవీలు ఒకే క్షణంలో ఒకే బొమ్మ చూపవు. ఇంటర్నెట్ ప్రత్యక్ష ప్రసారమూ ఇంతే: వీడియోను ముక్కలు ముక్కలుగా పంపుతుంది, ఒక్కో టీవీ కొన్ని ముక్కలు దాచుకుని మొదలుపెడుతుంది. క్రికెట్ చూసేటప్పుడు కేబుల్ ఉన్న పక్కింట్లో కేక వినిపించాక మన టీవీలో బౌలర్ పరుగు మొదలయ్యేది ఇందుకే. ఒకే హాల్లో రెండు టీవీలు పెట్టదలిస్తే ఫైలు పంచడం కన్నా స్ప్లిటర్ నయం. అప్పుడు కూడా టీవీ టీవీకీ బొమ్మను సవరించే వేగం వేరు కాబట్టి రెండింటి శబ్దం కలవక ప్రతిధ్వని వస్తుంది. ఒకదాని శబ్దం మాత్రమే ఉంచి మిగతావి మూయాలి.

గోడ, కరెంటు, ఎండ

ఈ ప్రాంతపు పాత ఇళ్లకు మందమైన రాతి గోడలు, బండలు పరిచిన మిద్దెలు. వైఫైకి, అందులోనూ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి, ఇవి గట్టి అడ్డంకి. ముందు గదిలో రౌటర్ పెట్టి వెనక గది టీవీలో వీడియో ఆగిపోతోందంటే తప్పు కంప్యూటర్‌ది కాదు. టీవీ కదలని వస్తువు. దానికి క్యాట్-6 తీగ లాగితే ఆ గొడవ అక్కడితో సరి. పైగా వైఫైలో మల్టీకాస్ట్ సరిగా నడవదు. అక్కడ ఆ ప్రవాహాన్ని తక్కువ వేగంతో పంపుతారు, దారిలో పోయిన ముక్కను మళ్లీ పంపరు.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. టీవీ ఒక గదిలో, కంప్యూటర్ ఇంకో గదిలో, రెండింటికీ ఎర్తింగ్ వేరుగానో అసలు లేకుండానో ఉంటే హెచ్‌డీఎంఐ తీగ పొడవునా వోల్టేజి తేడా నిలుస్తుంది. డిష్ వైరు కొసను ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం చాలామందికి అనుభవమే. ఆ జివ్వుమనేదే హెచ్‌డీఎంఐ పోర్టును కాలుస్తుంది. అన్నింటినీ స్విచ్ ఆఫ్ చేశాకే తీగలు కలపడం, దూరం ఎక్కువైతే ఫైబర్ హెచ్‌డీఎంఐ వాడటం నివారణ. రాస్బెర్రీ పై పది వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా చిన్న బ్యాటరీతో గంటలు నడుస్తుంది, టీవీకి ఇన్వర్టర్ ఉండాలి. 40 డిగ్రీలు దాటే ఎండాకాలంలో ఫ్యాన్ లేని పెట్టెను టీవీ వెనక దాస్తే వేడికి వేగం తగ్గించుకుంటుంది. గాలి ఆడేచోట పెట్టాలి.

హక్కులు

ఇంట్లో నాలుగు టీవీలకు పంచుకోవడం ఒకటి, హోటల్లో కస్టమర్లకు చూపడం మరొకటి. వీసీఆర్ కాలంలోనే ఈ తగాదా మొదలై, వీడియో దొంగ కాపీలను అరికట్టడానికి 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థల షరతులు వ్యక్తిగత వాడకానికే అనుమతిస్తాయి. ఒకేసారి ఎన్ని తెరల్లో చూడవచ్చో ప్యాకేజీని బట్టి ఉంటుంది. పెద్ద సంస్థల వీడియోకు హెచ్‌డీఎంఐ తీగలోనే హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది, దాన్ని గౌరవించని పరికరం మధ్యలో ఉంటే తెర నల్లబడుతుంది. చాలా సందర్భాల్లో స్ప్లిటర్ పాడైందనుకునేది ఈ తాళం చేసే పనే. కేబుల్ ద్వారా సొంత లోకల్ ఛానల్ నడపాలంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2022 నవంబర్‌లో తెచ్చిన మార్గదర్శకాల కింద నమోదు కావాలి.

అంగడిలో, జాతరలో

ఆదోని బట్టల అంగళ్లలో, ఆస్పత్రుల వేచివుండే గదుల్లో, బస్టాండు పక్క టిఫిన్ హోటళ్లలో కావాల్సింది ఒకే బొమ్మ, తక్కువ దూరం. వాటికి చిన్న కంప్యూటర్, స్ప్లిటర్, క్యాట్-6 తీగ సరిపోతాయి. ఇంటర్నెట్ కూడా తప్పనిసరి కాదు. ఇళ్లకు కావాల్సింది వేర్వేరు బొమ్మలు; అక్కడ సర్వర్ పద్ధతో, ఫైబర్ బాక్సో. జాతరలకు లెక్క వేరు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర జనవరి ప్రాంతంలో వస్తుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలకు ఆంధ్ర, కర్ణాటకల నుంచి జనం పోటెత్తుతారు. ఇలాంటి చోట్ల ఒక కెమెరా మూలం నుంచి దూరదూరపు తెరలకు బొమ్మ పోవాలి, పైగా మైకు మాటకూ తెర మీది పెదవులకూ పొంతన కుదరాలి. ఇంటర్నెట్ దారి అందుకు పనికిరాదు. నేరుగా తీగే లాగాలి.

దేవరగట్టు మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో బాణం తిరగబడుతుంది. దసరా రాత్రి కర్రలతో జరిగే ఆ సమరానికి పోలీసులు పెట్టే సీసీ కెమెరాలు, డ్రోన్లు అనేక మూలాలు; చూసే తెరలు కొన్నే. అక్కడ కంప్యూటర్ పని పంచడం కాదు, పోగుచేయడం. పోగుచేయడానికి లోపలికి వచ్చే బిట్ల లెక్క, నిల్వ చేసే డిస్కు లెక్క వేరుగా వేసుకోవాలి. తీగ, ఎర్తింగ్, దూరం గురించి పైన చెప్పినవి మాత్రం అక్కడా అలాగే వర్తిస్తాయి.